ఈసీజీలో క్యూటీసీ ఎక్కువని వచ్చింది, భయపడాలా?

ముందు ఆ కాగితం మీద గుండె వేగం ఎంతుందో చూడండి. వందకు పైనుంటే ఆ క్యూటీసీ అంకెను నేనైతే నమ్మను. క్యూటీ అంటే ఒక్కో బీటుకి గుండె కింది గదులు కరెంటు అందుకుని మళ్లీ సర్దుకోడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో; దాన్నే వేగానికి తగ్గట్టు సవరిస్తే క్యూటీసీ. విశాఖలో ఏళ్ల తరబడి ఈసీజీలు తీస్తున్నదాన్ని.

మొన్న వేసవిలో గాజువాక నుంచి ఒక పెద్దావిడని కొడుకు తీసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, పైగా ఆ రోజు లిఫ్ట్ ఆగిపోయి మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీరకముందే మా కుర్రాడు ఈసీజీ తీసేశాడు. వేగం 120, క్యూటీ 340, క్యూటీసీ 481. కింద ‘ప్రొలాంగ్డ్ క్యూటీ’, అంటే క్యూటీ ఉండాల్సినదానికన్నా ఎక్కువని, మిషన్ అచ్చేసింది. కొడుకు ఆ ముక్క ఫోన్లో వెతికేశాడు. "మేడమ్, అమ్మకేటైనా అయిపోద్దా?" అంటున్నాడు, చేతిలో కాగితం వణుకుతోంది.

గుండె వేగం పెరిగితే క్యూటీ దానంతటదే తగ్గుతుంది. అందుకే వేగం 60 ఉంటే ఎంతుండేదో లెక్కగట్టి క్యూటీసీ అంటారు. చాలా మిషన్లలో ఉండేది 1920లో బాజెట్ అనే ఆయన చెప్పిన లెక్క: రెండు బీట్ల మధ్య ఎన్ని సెకన్లో చూసి, దాని వర్గమూలంతో క్యూటీని భాగిస్తుంది. వేగం ఎక్కువైతే అంకెను ఉన్నదానికన్నా పెంచేస్తుంది, మరీ తక్కువైతే తగ్గించి చూపిస్తుంది. అదే ఏడాది ఫ్రిడెరిషియా అనే ఇంకొకాయన వర్గమూలానికి బదులు ఘనమూలం వాడాడు. ఆవిడ 340ని అలా లెక్కేస్తే 428! ఆడవాళ్లకు 460 దాకా మామూలే. ఇంత తేడా వస్తుంటే రెండో అంకె కూడా ప్రింట్ చేయడానికి ఈ మిషన్ల కంపెనీలకు ఏం అడ్డమో నాకర్థం కాదు.

ఆవిడని పడుకోబెట్టి, నీళ్లు తాగించి, వేగం 84కి దిగాక ఇంకాసేపు ఆగాను. వేగం మారగానే క్యూటీ మారదు, కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. మళ్లీ తీసి, కాగితం మీద లీడ్ టూ అని రాసున్న గీతలో, క్యూ అనే అల మొదలు నుంచి టీ అనే అల ముగిసేచోటు దాకా గళ్లు లెక్కపెట్టాను. తొమ్మిది చిన్న గళ్లు, పైన కాస్త. ఒక్కో గడి 40 మిల్లీసెకన్లు. మిషన్ 372 అంది, సరిపోయింది. ఈసారి బాజెట్‌తోనూ 440కి మించలేదు.

నాకు అసలు కోపం వచ్చింది ఆవిడ సంచిలోని అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ చూసి. డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపువాడు ఇచ్చేశాడట. క్యూటీని పెంచే మందుల్లో అదొకటి, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంకొకటి. పొటాషియం తగ్గినవాళ్లకు మరీ ప్రమాదం. డాక్టరుగారికి ఆ స్ట్రిప్ చూపించాను, వెంటనే పొటాషియం పరీక్ష రాశారు.

మీరూ వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లి, నెమ్మదించాక ఇంకో ఈసీజీ తీయమనండి, ఫ్రిడెరిషియాతో ఎంతో అడగండి. క్యూటీసీ 500 దాటినా, కళ్లు తిరిగి పడిపోయినా ఈ లెక్కలేం వద్దు, ఆ రోజే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లండి.