అబిడ్స్ ఆదివారం పుస్తకాలకి బయల్దేరిన మా మేనకోడలికి

చిన్నీ,

మీ నాన్న రాత్రి ఫోన్ చేసి పెద్ద ఏకరువే పెట్టాడు. "అక్కా, అది ఆదివారం ఆదివారం అబిడ్స్ వెళ్లి పాత పుస్తకాలు కొంటదట, సంక్రాంతికి ఓ ట్రంకుపెట్టె నిండా ఇంటికి తెస్తదట, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాలేదు, జీతం చిత్తుకాగితాల మీద తగలేస్తానంటంది, నువ్వైనా చెప్పు" అని. చెప్తాన్లే అన్నాను. ఏం చెప్తానో వాడు అడగలేదు, నేనూ అనలేదు. ఫోన్ పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, తర్వాత మా వంశంలో ఇంకో పిచ్చిది పుట్టిందిరా అని గర్వంగానే అనిపించింది, ఇక పడుకున్నాక మొదలైంది బెంగ. ఈ గుంట ఆ పుస్తకాలన్నీ ఎక్కడ పెడతాది, హాస్టల్ గోడకి చెమ్మ ఉందో ఏటో, ఆ దుమ్ముకి అసలే తుమ్ములు దీనికి. బ్రాంచి లైబ్రరీలో పుస్తకాలు సర్ది సర్ది రిటైరైన మనిషిని కదా, నా బెంగలు ఇలాగే ఉంటాయి మరి.

ముందు తెలిసిన విషయాలు ఒక్క ముక్కలో. పెందరాళే వెళ్లు, చిల్లర నోట్లు ఉంచుకో, గట్టి గుడ్డ సంచి, నీళ్ల సీసా, ముక్కుకి కట్టుకోడానికి చున్నీ, టిఫిన్ తినేసి వెళ్లు. తినేసి వెళ్లు అని రెండోసారి కూడా చెప్తున్నాను ఎందుకంటే నువ్వు తినవు.

కోఠీకీ అబిడ్స్ కీ తేడా ఉంది. కోఠీలో వారమంతా షాపులుంటాయి గానీ అక్కడ ఎక్కువగా కాలేజీ పుస్తకాలు, పోటీ పరీక్షలవి. అబిడ్స్ లో ఆదివారం షాపుల షట్టర్లు దించేసి ఉంటాయి కాబట్టి ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పరుస్తారు, నీకు కావలసింది అదే. లిస్టు రాసుకుని మాత్రం వెళ్లకు. లిస్టు పట్టుకెళ్తే దానిలో ఉన్నవి దొరకవు, లేనివి నీ కంటికి ఆనవు. తెలుగు పుస్తకాలు ఎప్పుడూ పైన ఉండవు, ఇంగ్లీషు నవలల కుప్ప కింద, పాత గైడ్ల పక్కన, ఒక్కోసారి ఆ అమ్మే ఆయన కూర్చున్న గోనెపట్టా కింద కూడా ఉంటాయి. గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తీసి చూడాలి. మోకాళ్లు నొప్పెడతాయి, పెట్టనీ. నచ్చింది కనపడితే మొహం మీద చూపించేయకు, నీ మొహం అసలే అద్దం, దాన్ని ఇంకో నాలిగింటి మధ్యలో పెట్టి అన్నిటికీ కలిపి ఎంతని అడుగు. ఆయన చెప్పింది న్యాయంగా ఉంటే ఇచ్చేసెయ్, పది రూపాయలకి ఎండలో కూర్చున్న మనిషితో గీచిగీచి బేరాలాడకు.

బైండు చేసిన సీరియళ్లు కనిపిస్తే వదలకు. ఇవి కొత్త షాపుల్లో జన్మకి దొరకవు. ఒకప్పుడు ఆడవాళ్లు వారపత్రికల్లో వచ్చే సీరియల్ ని వారం వారం కోసి దాచి, అయిపోయాక సూదీ దారంతో కుట్టుకునేవారు, లేకపోతే బైండింగ్ చేయించుకునేవారు. నా దగ్గరున్న ఒకదాన్లో కథ అయిపోయిన పేజీ వెనక సగం వంటల శీర్షిక, తలనూనె ప్రకటన, ఎవరో సగం పూరించి వదిలేసిన పదబంధం. మధ్యలో ఒక వారం పత్రిక అందనట్టుంది, ఆ వారం భాగం మొత్తం రూళ్ల కాగితాల మీద చేత్తో ఎత్తిరాసి అదే సైజుకి మడిచి కుట్టేసింది ఆ మహాతల్లి. బొమ్మ ఉండాల్సిన చోట ఒక గడి గీసి, లోపల "బొమ్మ: మేడ మీద ఇద్దరూ" అని రాసింది. నవల సంగతి సరే, నాకు ఆ గడి చాలు.

పుస్తకం ఏ కాలందో చెప్పే పేజీ చిరిగిపోయినా కంగారు పడకు, ధర చూడు. రూపాయలు అణాల్లో ఉంటే 1957 కి ముందుది అనుకోవచ్చు, ఆ ఏడు ఏప్రిల్ లోనే కదా పైసలొచ్చాయి. "నయా పైసలు" అనుంటే 1957 కీ 1964 కీ మధ్యది, ఆ తర్వాత నయా తీసేసి పైసలే అన్నారు. అడ్రసులో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 తర్వాతే. ఇంకోటి, పేజీ వెనక వైపు వేలితో తడిమి చూడు, అక్షరాలు గుచ్చుకున్నట్టు తగిలితే అది సీసం అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి అచ్చేసిన పుస్తకం. ఆఫ్‌సెట్ అయితే నున్నగా ఉంటాది. నాకైతే ఇప్పటికీ చదివే ముందు వేలు దానంతటదే అక్కడికి పోతాది.

మన విజయనగరం దాన్ననే అభిమానంతో ఇదొకటి. కన్యాశుల్కం కనిపిస్తే ఏ కూర్పో చూసి కొను. 1897 లో వేసింది ఒకటి, గురజాడ వారే బాగా పెంచి తిరగరాసి 1909 లో వేసింది ఇంకోటి, రెండూ చదివితే తేడా తెలుస్తాది. ఎక్కువగా దొరికేది రెండోదే. మొదటి కూర్పుని తర్వాత ఎవరు తిరిగి అచ్చేసిందైనా సరే, కనపడితే ధర అడక్కుండా సంచిలో వేసుకుని అప్పుడు అడుగు.

పేజీలు లెక్కపెట్టడం మర్చిపోకు. ఎక్కువ పుస్తకాల్లో ఫారం అంటే పదహారు పేజీలు, 64 తర్వాత టక్కున 81 వచ్చిందంటే ఒక ఫారం గల్లంతు. అద్దె షాపుల నవలలైతే చివరి కాగితం ఉందో లేదో చూసుకో.

ఇక నాకున్న అసలు భయం. లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం చేతికొస్తే ఆగు. పాతబడ్డ వాటిని లైబ్రరీ వాళ్లే తీసేసి అమ్ముతారు, వాటి మీద రద్దు చేసినట్టు ముద్ర ఉంటాది, అలాంటిది కొనుక్కో, తప్పు లేదు. రద్దు ముద్ర లేకుండా నంబరు మాత్రమే ఉండి, మొదటి పేజీ బ్లేడుతో కోసినట్టుంటే అది ఎవరో ఎత్తుకొచ్చింది. మొదటి పేజీ కోసేస్తే సరిపోతాదనుకుంటారు దొంగలు, చాలా లైబ్రరీల్లో లోపల ఎక్కడో ఒక పేజీ అనుకుని ప్రతి పుస్తకంలో ఆ పేజీ మీద కూడా ముద్రేస్తారు, అది వాళ్లకి తెలీదు. అలాంటిది ఎంత మంచిదైనా నాకొద్దు, నీకూ వద్దు. స్టాక్ చెకింగ్ లో పుస్తకం తగ్గితే ఆ డబ్బు ఎవరి జీతంలో కోస్తారో అక్కడ పనిచేసినోళ్లని అడుగు చెప్తారు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. వాడు నీకెప్పుడూ చెప్పుండడు. చెప్పానని తెలిస్తే నాతో మాట్లాడ్డం మానేస్తాడు, అయినా చెప్తాను.

వాడు కాలేజీలో ఉండగా గంటస్తంభం దగ్గర తోపుడుబండి మీద నాకో పద్యకావ్యం దొరికింది, మద్రాసులో అచ్చయింది, అట్ట లేదు, కుట్లు ఊడి విడివిడిగా ఉంది. దాని పాత సొంతదారు ఎవరో తెలుగు మేష్టారు అయ్యుండాలి. మార్జిన్ల నిండా తడిస్తే ఊదారంగు తిరిగే పెన్సిలుండేది చూడు, దాంతో రాసుకున్నారు. పదాల అర్థాలు, సంధులు, ఏ క్లాసులో ఎక్కడిదాకా చెప్పారో. వాటి మధ్యలో ఆయన సొంత సంగతులూ. "నేడు వాన. పిల్లలు ఆరుగురు. పాఠం సగం." ఇంకో చోట "ఈ పద్యం చదువుతుంటే అమ్మాయి వచ్చి నిలబడింది" అని. ఏ అమ్మాయో తెలీదు, కూతురో ఏమో. పద్యాలు నాకు సగం అర్థమయ్యేవి కావు గానీ రాత్రి పూట ఆ మార్జిన్లు మాత్రం వరసగా చదువుకునేదాన్ని. ఇంట్లో అందరికీ తెలుసు నాకది ప్రాణమని.

మీ నాన్న ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బులతో, నా పుట్టినరోజుకని, నాకు తెలీకుండా పట్టుకెళ్లి ఊళ్లో ఒక బైండింగ్ షాపులో ఇచ్చాడు. మంచి ఎర్ర రెక్సిన్ అట్ట, వీపు మీద బంగారు అక్షరాలు, లోపల రిబ్బన్. ఎంత మురిపెంగా తెచ్చాడో, కాగితం విప్పుతుంటే వాడి కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. తెరిచాను. అంచులు నున్నగా రావాలని కటింగ్ మిషన్లో పెట్టి మూడు పక్కలా కోసేశాడు ఆ బైండరు. మేష్టారి రాతలన్నీ సగానికి తెగిపోయాయి. వాన ఉన్న పేజీలో "పిల్లలు ఆరు" దగ్గర ఆగిపోయింది, వాన లేదు. అమ్మాయి పేజీలో కింద "నిలబడి" అన్న ముక్క మిగిలింది.

నేనేమన్నానో ఇక్కడ రాయను. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి సైకిలేసుకుని షాపుకెళ్లి తెగిన ముక్కలేమైనా ఉన్నాయా అని చెత్తబుట్ట వెతికించాడట, మైదా జిగురూ కాగితం రజనూ తప్ప ఏం దొరకలేదట. ఇది నాకు వాడు చెప్పలేదు, చాన్నాళ్లకి మీ తాత చెప్పారు. నువ్వు పుస్తకాలు కొంటానంటే వాడు విసుక్కుంటాడే, డబ్బుల గురించి అనుకుంటున్నావు కదా. సగం డబ్బులే, కాదన్ను. మిగతా సగం ఈ సంగతి.

అంచేత, పాత పుస్తకం బైండింగ్ కి ఇవ్వకు. ఊడిపోతుంటే అట్టముక్క రెండు పక్కలా పెట్టి పాత నాడాతో కట్టి ఉంచు. ఇవ్వక తప్పదంటే "కటింగ్ వద్దు" అని పెద్దక్షరాలతో చీటీ రాసి మొదటి పేజీకి పిన్ను చెయ్, నోటితో చెప్తే వినరు, మిషన్ ముందు కూర్చున్నాక చెయ్యి ఊరుకోదు. మైదాలో మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు వాడమను, పురుగు రాదు. సెల్లో టేపు నా ఎదురుగా పేరెత్తకు. ఏళ్లు గడిచాక టేపు ఊడిపోతాది, గోధుమ రంగు మరక మాత్రం అలాగే ఉండిపోతాది. పెన్సిలు రాతలు చెరపకు, "చి.సౌ. ఫలానాకి బహుమతి" అని ఉన్న పేజీ చింపకు, లోపల దొరికే బస్సు టికెట్టు, శుభలేఖ ముక్క, రావి ఆకు ఎక్కడున్నది అక్కడే ఉంచు.

చెమ్మ గురించి. 2014 అక్టోబర్ లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా గది కిటికీ రెక్క ఎగిరిపోయి కింద రెండు అరలూ తడిసిపోయాయి, కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. తడిసినవి ఎండలో పడేయకూడదు, ఒంకర్లు పోతాయి. నిలబెట్టి కాస్త విప్పి, మధ్య మధ్యలో పాత న్యూస్ పేపరు పెట్టి మారుస్తా ఉండాలి. నున్నటి కాగితమైతే ఆరేలోపు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, వాటిని ముందు చూసుకో. హాస్టల్లో గోడకి నాలుగు వేళ్ల దూరం వదిలి పెట్టు, నేల మీద మాత్రం వద్దు. కొన్నది తిన్నగా అరలో పెట్టకు, వెండిలా మెరుస్తా సర్రున పరిగెత్తే పురుగుంటాది చూడు, ఒక్కటొచ్చిందంటే మిగతావాటికీ పాకుతాది. పాలిథిన్ కవర్లో గట్టిగా మూసి ఫ్రీజర్లో వారం పైన ఉంచితే చచ్చిపోతాది. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకు, చల్లదనం పోనీ. ఫ్రీజర్ లో పుస్తకమేటని మీ వార్డెన్ అడిగితే నా నంబరియ్.

పాత మాసపత్రికలు, వారపత్రికలు విడివిడిగా దొరికితే వదలకు. నీకొద్దనిపిస్తే నాకియ్, నేను శ్రీకాకుళం కథానిలయానికి పట్టుకెళ్తాను. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997 లో పెట్టిన లైబ్రరీ అది, అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక్కచోట ఉండాలని. వాళ్ల దగ్గర లేని సంచిక ఒక్కటి తగిలినా నువ్వు అబిడ్స్ ఎండలో కూర్చున్నందుకు ఫలితం దక్కినట్టే.

ఇంక ట్రంకుపెట్టె ఆలోచన మానుకో. పుస్తకాల బరువు నీకు తెలీదు, పెద్ద పెట్టె నింపితే ఇద్దరు లేపలేరు. చిన్న అట్టపెట్టెలు రెండు చెయ్, విశాఖ ఎక్స్‌ప్రెస్ లో లోయర్ బెర్తు కింద తోసి గొలుసు వెయ్, బాత్రూం పక్క బెర్తయితే నీళ్లు వస్తాయి, మార్పించుకో. విజయనగరం స్టేషన్ కి మీ నాన్న వస్తాడు, సణుక్కుంటానే వస్తాడు, రెండు పెట్టెలూ వాడే మోస్తానంటాడు. వాడికి నడుం నొప్పి, నీకు చెప్పొద్దన్నాడు. మొయ్యనివ్వకు, కూలీని పిలు.

మీ పెద్దత్త