సందేహాలు – సమాధానాలు: ప్రకటనలో ఏ తేదీ మార్చాలి?

ప్రశ్న: మా బృందం హైదరాబాద్ నుంచి బ్రిటన్‌లోని కొన్ని స్థానిక సంస్థల వెబ్‌సైట్లను నిర్వహిస్తుంది. ఆ సైట్లలో ఉండే యాక్సెసిబిలిటీ స్టేట్‌మెంట్లన్నిటినీ ఒకేసారి సవరించే చిన్న సాఫ్ట్‌వేర్ టూల్‌ను తయారు చేసుకున్నాము. దాని డాక్యుమెంటేషన్ రాసే పని నాకు అప్పగించారు. కమాండ్లను, వాటి ఆప్షన్లను వివరిస్తే సరిపోతుందా? స్క్రీన్‌షాట్లు ఎక్కువగా పెట్టవచ్చునా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదు. కమాండ్ల వివరణ అవసరమే గాని, దానికంటే ముందు రాయవలసింది మరొకటి ఉంది: యాక్సెసిబిలిటీ స్టేట్‌మెంట్, అంటే ఆ ప్రకటనలోని ఏ మాటను టూల్ తనంతట తాను మార్చవచ్చు, ఏ మాటను మనిషి పరీక్షించి చెప్పిన తరువాతే మార్చాలి అన్నది.

ఈ విషయం కొత్తగా వినే పాఠకుల కోసం రెండు మాటలు. బ్రిటన్‌లో 2018 సెప్టెంబర్ 23 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వెబ్‌సైట్లను వికలాంగులు కూడా వాడుకోగలిగేలా ఉంచాలి. సైట్‌లో ఏ భాగాలు అలా లేవో, ఎందుకు లేవో, ఇబ్బంది పడినవారు ఎవరికి చెప్పుకోవాలో తెలిపే ప్రకటనను కూడా ప్రచురించాలి. దానిని కనీసం ఏడాదికొకసారి సమీక్షించాలి. అందుచేత అది ఒక సంస్థ ప్రజల ముందు పెట్టే వాంగ్మూలం వంటిది. పేజీ అడుగున ఉండే కాపీరైట్ సంవత్సరంలా జనవరి రాగానే మార్చివేసేది కాదు.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చిన నమూనా ప్రకటనలో మూడు తేదీలు ఉంటాయి: ప్రకటన తయారు చేసిన తేదీ, చివరిసారి సమీక్షించిన తేదీ, వెబ్‌సైట్‌ను చివరిసారి పరీక్షించిన తేదీ. టూల్ రాసేవారికి ఈ మూడూ ఒకే రకం గడులుగా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మొదటి తేదీని ఎన్నడూ ముట్టుకోకూడదు. రెండవది ఎవరో ఒకరు ప్రకటనను నిజంగా చదివి చూసిన రోజు మాత్రమే మారాలి. మూడవది పరీక్ష నివేదిక నుంచే రావాలి. టూల్ నడిపిన నాటి తేదీని మూడింటిలోనూ నింపితే, జరగని పరీక్షను జరిగిందని ఆ సంస్థ చేత చెప్పించినట్టవుతుంది. ఈ హెచ్చరిక మీ డాక్యుమెంటేషన్ మొదటి పేజీలోనే ఉండాలి, ఎక్కడో చివరి అధ్యాయంలో కాదు.

ప్రమాణం సంఖ్య విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. వెబ్‌సైట్లు వికలాంగులకు అనువుగా ఉన్నాయో లేదో తేల్చే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ; దాని 2.2 వెర్షన్ వెలువడింది 2023 అక్టోబర్ 5న. పాత ప్రకటనల్లో 2.1 అని ఉన్నచోటల్లా 2.2 అని మార్చడం టూల్‌కు ఒక్క క్షణం పని. అయితే ఆ ప్రమాణంలోని ‘ఏ’, ‘డబుల్ ఏ’ అనే స్థాయిలు రెండూ కలిపి కొత్త వెర్షన్‌లో ఆరు అంశాలు అదనంగా చేరాయి; నొక్కవలసిన బటన్ కొన్ని మినహాయింపులతో కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెళ్ల (వెబ్ పేజీల్లో వాడే కొలత) పొడవు, వెడల్పు ఉండాలన్నది వాటిలో ఒకటి. పైగా పేజీ కోడ్‌ను దోషాలు లేకుండా రాయడానికి సంబంధించిన 4.1.1 అనే పాత అంశాన్ని తొలగించారు. సంఖ్య మాత్రమే మారిస్తే, లేని అంశంలో మన సైట్ విఫలమైందని చెబుతూ, ఉన్న ఆరింటి ఊసే ఎత్తని విచిత్రమైన ప్రకటన తయారవుతుంది. 2.2 ప్రకారం పరీక్షించిన నివేదిక లేకుంటే టూల్ ఈ మార్పును నిరాకరించేలా చేయమని మీ బృందానికి చెప్పండి. నిరాకరించినప్పుడు కనిపించే సందేశాన్ని, ఆపైన చేయవలసిన పనిని మీరు రాయండి.

ఆటోమేటిక్ పరీక్ష ఫలితాలను టూల్ నేరుగా ప్రకటనలోకి ఎక్కిస్తుంటే, వాటి పరిమితిని కూడా చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2017లో కావాలనే 140కి పైగా లోపాలతో ఒక పేజీని తయారు చేసి పది పరీక్షా సాధనాలకు ఇస్తే, వాటిలో మెరుగైనది కూడా పట్టుకున్నది దాదాపు 40 శాతమే. కనుక ‘లోపాలు ఏవీ దొరకలేదు’ అన్న ఫలితం వచ్చినంత మాత్రాన ‘పూర్తిగా అనుగుణంగా ఉంది’ అన్న వాక్యం దానంతట అది పడకూడదు.

ఇవన్నీ ఒక పట్టికగా పెట్టండి: ప్రకటనలోని గడి పేరు, అందులోని సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది, దానిని ఎవరు ఆమోదించాలి. కమాండ్ల వివరణ ఆ తరువాత రావచ్చు. అక్కడ కూడా, ఫైళ్లను మార్చకుండా రాబోయే మార్పులను మాత్రమే చూపించే కమాండ్‌ను ముందు పెట్టండి, ఎందుకంటే కొత్తగా చేరినవారు మొదట కనిపించినదానినే కాపీ చేసి నడుపుతారు. పొరపాటు జరిగితే పాత ప్రకటనను తిరిగి ఎలా తెచ్చుకోవాలో ఒక పేరాలో చెబితే చాలు.

ఇక స్క్రీన్‌షాట్లు వీలైనంత తగ్గించండి. బొమ్మలో ఉన్న కమాండ్‌ను చూపున్నవారు కూడా సులభంగా కాపీ చేసుకోలేరు, తెరపై ఉన్నదానిని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికైతే అది ఉన్నా లేనట్టే. తప్పనిసరిగా పెట్టవలసి వచ్చినచోట, అందులో ఏమి కనిపిస్తుందో, ఎందుకు చూడాలో ప్రత్యామ్నాయ వచనంలో, అంటే బొమ్మకు బదులుగా స్క్రీన్ రీడర్ చదివే మాటల్లో, రాయండి. ‘స్క్రీన్‌షాట్ 3’ అని రాస్తే వినేవారికి ఏమీ తెలియదు. రాయడం పూర్తయ్యాక ఆ పేజీలను మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతో ఒకసారి, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో మరొకసారి మీరే పరీక్షించి, ఆ పరీక్ష తేదీని డాక్యుమెంటేషన్ అడుగున వేయండి.