గేమ్ ఆర్టిస్టు పోర్ట్‌ఫోలియోలో ఏం ఉండాలి, ఏం తీసేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీసీఏ పూర్తిచేసి, విజయవాడలో ఏడాదిపాటు త్రీడీ యానిమేషన్ కోర్సు చేసింది. గేమ్ ఆర్టిస్టు కావాలని పట్టుదలగా ఉంది. ఆర్టిస్టులు తమ పనులు పెట్టుకునే వెబ్‌సైట్ ఆర్ట్‌స్టేషన్‌లో పోర్ట్‌ఫోలియో (తను చేసిన పనుల పేజీ) పెట్టి ఎనిమిది నెలలుగా స్టూడియోలకు పంపుతున్నా ఒక్క జవాబూ రాలేదు. లక్షన్నర కట్టి అడ్వాన్స్‌డ్ కోర్సులో చేర్పిస్తే ఉద్యోగం వస్తుందని శిక్షణ సంస్థవారు అంటున్నారు. చేర్పించమంటారా? లింకు పంపుతున్నాను, చూసి చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ లక్షన్నర ఇప్పుడే కట్టకండి. మీరు పంపిన లింకు తెరిచి ప్రతి బొమ్మా చూశాను. మీ అమ్మాయికి పనితనం ఉంది. అయితే ఆ పేజీ తెరిచిన వారికి ఈమెను ఏ పనికి తీసుకోవాలో అర్థం కాదు. జవాబు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం. ఇది ఇంకో కోర్సుతో తీరేది కాదు. ఇంట్లో కూర్చుని, ఉన్న కంప్యూటర్‌తోనే సరిచేసుకోవచ్చు.

ఆ పేజీలో సినిమా తారల పెన్సిల్ బొమ్మలు ఉన్నాయి, రెండు లోగోలు ఉన్నాయి, ఒక పెళ్లిపత్రిక డిజైన్ ఉంది. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ నేర్చుకునేవారిలో చాలామంది మొదటి పాఠంగా చేసే డోనట్ ఉంది. సగంలో ఆపేసిన డ్రాగన్ ఉంది. వీటన్నిటి మధ్య ఎక్కడో అడుగున ఒక పాత కుట్టుమిషను మోడల్ ఉంది. అది నిజంగా బాగుంది. కానీ అంత కిందికి ఎవరు వెళ్తారు? స్టూడియోలో ఎంపిక చేసేవారు పైన కనిపించే నాలుగైదు చిన్న బొమ్మలు చూసి, లోపలికి వెళ్లాలో లేదో అక్కడే తేల్చుకుంటారు.

గేమ్ స్టూడియోలో ఆర్టిస్టు అంటే ఒక్క ఉద్యోగం కాదు. కాన్సెప్ట్ బొమ్మలు గీసేవారు వేరు, పాత్రలు చేసేవారు వేరు, పరిసరాలు కట్టేవారు వేరు. ఆ పరిసరాల్లో కనిపించే కుర్చీ, పెట్టె, దీపం వంటి వస్తువులు చేసేవారిని ప్రాప్ ఆర్టిస్టులు అంటారు. ఖాళీ ఎప్పుడూ వీటిలో ఏదో ఒకదానికే పడుతుంది. మీ అమ్మాయి చేతికి ప్రాప్స్, పరిసరాలు బాగా నప్పుతాయని నాకు అనిపించింది. పాత్రలు చేయాలనే మోజు అందరికీ ఉంటుంది, పోటీ కూడా అక్కడే ఎక్కువ. అందువల్ల పేరు కింద ‘త్రీడీ ప్రాప్ ఆర్టిస్ట్’ అని స్పష్టంగా రాసి, దానికి సంబంధం లేనివన్నీ తీసేయమనండి. పెన్సిల్ బొమ్మలు తీసేయడం ఆమెకు బాధగానే ఉంటుంది. వాటిని వేరే చోట దాచుకోమనండి. నాలుగు మంచి పనులు మిగిలినా చాలు. బలహీనమైన బొమ్మ ఒక్కటి ఉన్నా, రేపు ఉద్యోగంలో ఈమె చేతినుంచి అలాంటిదే రావచ్చని చూసేవారు లెక్క వేసుకుంటారు.

ఇక్కడినుంచి మీ అమ్మాయితోనే మాట్లాడతాను.

చూడమ్మా, ఆ కుట్టుమిషను వివరాల్లో నాలుగు లక్షల త్రిభుజాలు అని నువ్వే రాశావు. త్రీడీ మోడల్ ఉపరితలమంతా చిన్న త్రిభుజాల అల్లికే, అవి పెరిగేకొద్దీ యంత్రానికి భారం. గేమ్‌లో దృశ్యం సెకనుకు 60 ఫ్రేములతో నడవాలంటే, ఒక్కో ఫ్రేమును గీయడానికి యంత్రానికి దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలోనే గదంతా, మనుషులంతా, వెలుగునీడలన్నీ పూర్తికావాలి. మూలన ఉండే కుట్టుమిషను అందులో అంత భాగం తినేయకూడదు. గేములు కట్టే సాఫ్ట్‌వేర్ అన్‌రియల్ ఇంజిన్ 5లో, లక్షల త్రిభుజాలను తనే సర్దుకునే నానైట్ అనే ఏర్పాటు వచ్చాక ఈ లెక్క కొంత సడలిన మాట నిజమే. మొబైల్ గేములకు మాత్రం పొదుపు తప్పదు. హై పాలీ (ఎక్కువ త్రిభుజాల) మోడల్‌లోని వివరాలను నార్మల్ మ్యాప్‌గా, అంటే ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే బొమ్మగా బేక్ చేసి (మార్చి), పదిపదిహేను వేల త్రిభుజాల లో పాలీ మోడల్ మీదకు దించు. ఆ తర్వాత తుది రెండర్ (పూర్తయిన బొమ్మ) పక్కనే వైర్‌ఫ్రేమ్ (త్రిభుజాల అల్లిక), యూవీ లేఅవుట్ (మోడల్ ఉపరితలాన్ని విప్పి పరిచిన పటం), టెక్స్చర్ మ్యాపులు (ఉపరితలం మీద వేసే రంగులు, గరుకుదనం వంటి బొమ్మలు) చూపించు. ఎంపిక చేసేవారు రెండర్ కంటే వీటినే జాగ్రత్తగా చూస్తారు. నీకు పని తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది.

ఇంకో సంగతి. నీ మిషనుకు అన్ని అంచుల వెంటా ఒకే రకం గీతలు, ఒకే రకం తుప్పు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక రెడీమేడ్ మెటీరియల్ తీసుకుని అలాగే వదిలేశావని చూడగానే తెలిసిపోతోంది. మీ వీధిలో ఏ దర్జీ దుకాణంలోనైనా పాత మిషను దగ్గర కాసేపు నిలబడి చూడు. చేతిచక్రం అంచు అరచేయి తగిలి తగిలి నున్నగా మెరుస్తుంటుంది. సూది ముందు గుడ్డ జారే చోట నల్లరంగు పోయి లోహం బయటపడుతుంది, అక్కడి బంగారు పూలతీగ సగం చెరిగిపోయి ఉంటుంది. వెనకవైపు చేయి పడని చోట అదే తీగ కొత్తదానిలా ఉంటుంది. నూనె వేసే రంధ్రాల చుట్టూ దుమ్ము జిడ్డుగా పేరుకుంటుంది. వస్తువును ఎవరు ఎలా వాడారో ఆ అరుగుదలే చెప్పాలి. ఆ ఒక్క మోడల్‌ను ఈ విధంగా మళ్లీ టెక్స్చర్ చేస్తే, ఇప్పుడున్న పేజీ మొత్తం కంటే దానికే ఎక్కువ విలువ వస్తుంది.

తర్వాత ఒక చిన్న పరిసరం కట్టు. అంతరిక్ష నౌకలో నీలిరంగు లైట్ల వరండా మాత్రం వద్దు, అది నూటికి తొంభైమంది చేసేదే. గుంటూరు మిర్చి యార్డు నీ ఊళ్లోనే ఉంది. అనుమతి అడిగి లోపలికి వెళ్లి టిక్కీల (మిర్చి బస్తాల) దొంతర, కాటా, రేకుల షెడ్డు, నేలమీద ఎర్రగా పరుచుకున్న కాయలు అన్నీ దగ్గరగా ఫొటోలు తీసుకో. వాటిలోంచి ఒక మూలను మాత్రమే ఎంచుకుని అన్‌రియల్‌లో కట్టు. గోనెసంచి నాలుగు రకాలు చేసి, వాటినే తిప్పి పేరిస్తే దొంతర అంతా వస్తుంది. స్టూడియోల్లో కూడా ఇలాగే ముక్కలు చేసి కలుపుతారు. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం కూడా ఇలాంటి అభ్యాసానికి బాగుంటుంది. కార్టూన్ తరహా గేములు ఇష్టమైతే కొండపల్లి బొమ్మను చేసి చూడు. తెల్ల పొణికి చెక్క మీద ఆ సాదా రంగులు, గుండ్రని రూపాలు ఆ శైలికి చక్కగా సరిపోతాయి.

ప్రతి పని కింద త్రిభుజాల సంఖ్య, టెక్స్చర్ సైజు, వాడిన సాఫ్ట్‌వేర్, పట్టిన సమయం రాయి. టెక్స్చర్ బయటినుంచి తెచ్చుకున్నా, పాఠం చూసి చేసినా, ఏఐ సాయం తీసుకున్నా ఆ విషయమూ రాయి. దాచింది ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఈమెయిల్ చిరునామా పేజీలో కనబడేలా పెట్టు. ఆర్ట్‌స్టేషన్‌ను వదలనక్కర్లేదు. 2014 నుంచి నడుస్తున్న ఈ వేదికను 2021లో అన్‌రియల్ తయారీదారు ఎపిక్ గేమ్స్ కొన్నది. ఆర్టిస్టుల కోసం స్టూడియోలు చూసే చోటు అదే.

అమ్మా, మళ్లీ మీతో. గుంటూరు, విజయవాడల్లో గేమ్ ఉద్యోగాలు చాలా తక్కువ, ఊరు కదలక తప్పదు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, బెంగళూరులో రాక్‌స్టార్, పుణెలో యూబీసాఫ్ట్, గురుగ్రామ్‌లో లక్ష్య డిజిటల్ వంటివి ఉన్నాయి. పోర్ట్‌ఫోలియో నచ్చితే చాలా స్టూడియోలు ఆర్ట్ టెస్ట్ (పరీక్షగా చేసి చూపించాల్సిన పని) ఇస్తాయి. ఉద్యోగం ఇస్తామని ముందుగా డిపాజిట్ అడిగేవారు ఎవరైనా సరే, ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈలోగా ఇళ్ల నిర్మాణ సంస్థలకు త్రీడీ దృశ్యాలు చేసే పని దొరికితే చేయనివ్వండి. బ్లెండర్, అన్‌రియల్ అక్కడా పనికొస్తాయి, చేతిలో నాలుగు డబ్బులూ ఆడతాయి.

ఇవన్నీ చేశాక, ఆర్నెల్లకు ఫలానా విద్యలో వెనకబడి ఉన్నానని మీ అమ్మాయే గుర్తిస్తే, ఆ ఒక్కదానికే కోర్సు చూడండి. చేరేముందు కిందటి బ్యాచ్ విద్యార్థుల పోర్ట్‌ఫోలియో లింకులు అడగండి. పాఠం చెప్పేవారు ఏ గేములకు పనిచేశారో కూడా అడగండి. ఆ రెండూ చూపించకుండా రాయితీ గడువు రేపటితో అయిపోతుందని తొందరపెడితే, అక్కడ చేర్పించకండి.