మామిడి బరిణె నిజాందేనా?

ప్రశ్న: మా అమ్మమ్మగారి నుంచి నాకు అరచేతిలో ఇమిడే మామిడికాయ ఆకారపు బరిణె ఒకటి సంక్రమించింది. లేత ఆకుపచ్చ జేడ్ రాతిని తొలిచి, పైన బంగారంతో కెంపులు పొదిగారు. నిజాం కొలువు నుంచి మా ముత్తాతగారికి దక్కిందని ఇంట్లో చెప్పుకుంటారు. దీన్ని ఎలా నిర్ధారించుకోవాలి?
– ఒక పాఠకురాలు, గవర్నరుపేట, విజయవాడ

జవాబు: ముందుగా, బరిణెను కడగకండి, నీళ్లలో ముంచి తూయించకండి. జేడ్ నీటికన్నా దాదాపు మూడు రెట్లు, మామూలు గాజు రెండున్నర రెట్లు బరువు కనుక నీటి తూకంతో తేడా తెలుసుకోవచ్చునని ఎవరైనా అనవచ్చు. అయితే కుందన్ పనిలో, అంటే మేలిమి బంగారంతో రాళ్లు పొదిగే పద్ధతిలో, కెంపు కింద మెరుపు కోసం పరిచే రేకుకు తడి తగిలితే రాయి కళ తప్పుతుంది.

మొగలుల కాలంలో కఠినశిలను పండ్ల రూపంలో చెక్కడం ఉన్నదే. 17వ శతాబ్దపు స్ఫటిక మామిడి బుడ్డి ఒకటి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కానీ జేడ్‌పై కుందన్ పని జైపూరులో నేటికీ సాగుతోంది కాబట్టి, ఆకారాన్ని చూసి కాలాన్ని తేల్చలేము, యజమానిని అసలే తేల్చలేము. షాజహాను జేడ్ పానపాత్ర ఆయనదేనని నమ్ముతున్నామంటే, దానిపై ఆయన బిరుదు, 1657కు సరిపోయే హిజ్రీ సంవత్సరం చెక్కి ఉన్నందువల్లనే. ఆ తరువాత అది 19వ శతాబ్దంలో కల్నల్ గత్రీ చేతికి, పిమ్మట యుగోస్లావియా రాణి మరియాకు చేరి, 1962లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వచ్చింది. మీ బరిణె అడుగున, మూత లోపలి అంచున అక్షరాలేమైనా ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

ఇక నిజాం మాట. మన వైపు పాత నగ కనిపిస్తే చాలు, నవాబు పేరు తగిలించడం ఒక అలవాటు. బెజవాడతో సహా మన కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతోనూ, వాటిలో గుంటూరు సర్కారు మాత్రం 1788లోనూ నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయాయి. కాబట్టి మీ ముత్తాతగారి కాలానికి బెజవాడలో నిజాం కొలువు లేదు. ఆయన హైదరాబాదులో ఉద్యోగమో వ్యాపారమో చేశారా, అక్కడి వారితో వియ్యమందారా అన్నది ముందు తేల్చుకోండి. పంపకాల దస్తావేజులు, వీలునామాలు, నగల వర్తకుల చీటీలు, పెళ్లి ఫొటోలు వెదికితే, వాటిలో బరిణె ప్రస్తావన ఉన్న ఒక్క పంక్తి అయినా ఇంటి కథ కన్నా విలువైనది. పోల్చి చూసుకోవడానికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని జేడ్ వస్తువులు ఉపకరిస్తాయి. వందేళ్లు దాటిన వస్తువని తేలితే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దాన్ని మీరు విదేశాలకు పంపరాదు.