పాఠకుల ప్రశ్నలు: రోడియో మాటలు

ప్రశ్న: అమెరికా రోడియోలో (కౌబాయ్ ఆటల పోటీల్లో) ఎద్దు స్వారీ చూస్తుంటే ‘అవే ఫ్రమ్ హిస్ హ్యాండ్’, ‘డౌన్ ఇన్ ద వెల్’, ‘హంగప్’ అని ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి. మూడూ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు, కానీ ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి. రైడర్ ఒక్క చేత్తోనే బుల్ రోప్, అంటే ఎద్దు ఒంటి చుట్టూ బిగించిన తాడు, పట్టుకుంటాడు. కుడిచేత్తో పట్టాడనుకోండి. ఎద్దు కుడికి సుడి తిరిగితే ‘ఇంటు హిస్ హ్యాండ్’, ఎడమకు తిరిగితే ‘అవే’. ఈ రెండోదే కష్టం. సుడి లోపలి వైపు ‘వెల్’, అంటే బావి. పేరు సరిగ్గా కుదిరింది: ఒళ్లు కాస్త ఎక్కువగా అటు వాలితే మళ్లీ నిటారుగా రావడం చాలా అరుదు.

హంగప్ అంటే చేయి తాడులో ఇరుక్కుపోవడం. రోజిన్ (పట్టు జారకుండా వాడే జిగురు పదార్థం) రుద్దిన తాడు కొసను అరచేతి మీదుగా వేసి, చేతి వెనక నుంచి తిప్పి, మళ్లీ అరచేతిలోకి తెచ్చి పిడికిలి బిగిస్తారు. పట్టిన చేతి వైపే పడితే వేళ్లు విప్పుకుని జారిపోవచ్చు. అవతలి వైపు, అంటే ‘అవే’ తిరిగినప్పుడు బావి ఉండే వైపు, పడితే మణికట్టు మెలిపడి చుట్టు ఇంకా బిగుస్తుంది. అప్పుడు కాళ్లు నేల మీద ఆనించి, ఎద్దు భుజం పక్కనే పరుగెడుతూ, ఖాళీ చేత్తో తాడు కొస లాగాలి. కాళ్లు తేలిపోతే లాగడానికి పట్టు దొరకదు. ఒక బుల్‌ఫైటర్ (రైడర్‌ను కాపాడేందుకు బరిలో ఉండే మనిషి) ఎద్దును తన వైపు మళ్లిస్తుంటే ఇంకొకరు ఆ కొస అందుకుంటారు. తాడుకు అడుగున కట్టే గంట మోత కోసమే కాదు. చుట్టు వదలగానే దాని బరువుకు తాడు కిందికి జారిపోతుంది.

ప్రశ్న: గుర్రం మీద నిలవాల్సిన 8 సెకన్లూ నిలిచినా స్కోరు ఇవ్వలేదు. ‘మిస్డ్ హిమ్ అవుట్’ అన్నారు. ఎందుకు?

జవాబు: బేర్‌బ్యాక్ (జీను లేకుండా), శాడిల్ బ్రాంక్ (జీనుతో) అనే గుర్రపు స్వారీ పోటీల్లో ‘మార్క్ అవుట్’ నియమం ఉంది. చ్యూట్ (పశువును నిలిపి ఉంచే ఇరుకు గది) నుంచి బయటికి వేసిన మొదటి దూకులో గుర్రం ముందుకాళ్లు నేలను తాకేసరికి రైడర్ మడమలు రెండూ దాని భుజాల పైన ఆని ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ స్వారీ లెక్కలోకి రాదు. ఎద్దు స్వారీలో ఈ నియమం లేదు. ఖాళీ చేయి పశువుకు తగిలితే మాత్రం మూడు పోటీల్లోనూ స్కోరు పోతుంది.

ప్రశ్న: ‘ర్యాంక్ బుల్’ అంటే తిట్టా?

జవాబు: మెచ్చుకోలు! లొంగదీయడం చాలా కష్టమైన ఎద్దు అని. మొత్తం 100 పాయింట్లలో 50 పశువు ఆటకే కాబట్టి రైడర్లు కోరుకునేదీ అలాంటి ఎద్దునే. అది సరిగా ఎగరకపోతే జడ్జీలు ‘రీరైడ్’, అంటే మళ్లీ స్వారీ చేసే అవకాశం, ఇవ్వవచ్చు.