నాన్నగారి వీలునామా సంతకం తేడాగా ఉందన్న ప్రశ్నకి సమాధానం

వీలునామాలో సంతకం నాన్నగారి పాత సంతకంతో కలవట్లేదని, తమ్ముడి మీద అనుమానంగా ఉందని రాశారు. తేడా కొడుతున్నది మీరు పోల్చే పద్ధతి వల్ల కావచ్చండీ. బెంగళూరు అవెన్యూ రోడ్‌లో కొన్నానన్న ఆ గ్రాఫాలజీ పుస్తకం రాతను బట్టి మనిషి గుణం చెప్తానంటుంది, సంతకం ఎవరిదన్నది దాంతో తేలదు.

1. జిరాక్స్ వద్దు, ఒరిజినల్ చూడాలి. పెన్ను ఎక్కడ నొక్కారో ఎక్కడ ఎత్తారో కాపీలో సరిగ్గా కనపడదు.

2. అందరూ మిస్సయ్యేది ఇదే. పోల్చే సంతకాలు వీలునామా రాసిన కాలానివే అయ్యుండాలి. మీరేమో ముప్పై ఏళ్ళ కిందటి దాంతో పోలుస్తున్నారు, చివర్లో నాన్నగారికి చెయ్యి వణికేదని మీరే రాశారు కదా, అలా వణికితే అసలు సంతకం కూడా దొంగదిలా అనిపిస్తుంది. ఆఖరి రెండేళ్ళ చెక్కులు, పెన్షన్ కాగితాలు, ఆస్పత్రి ఫారాలు వీలైనన్ని వెతకండి.

3. సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరితో మాట్లాడండి. తమ్ముడిని నిలదీసేది ఆ తర్వాతే, దయచేసి.