ఆ వ్యాసం పంపే ముందు ఇంకోసారి చూడు తమ్ముడూ

తమ్ముడూ,

బైబిల్, ఖురాన్ పాఠాలు ఎంతవరకు మారకుండా వచ్చాయన్న నీ డ్రాఫ్ట్ చదివా. ఆపకుండా చదివించావు, అది బాగుంది. కానీ మొదటి పేరాలోనే "ఎవరి గ్రంథం మారింది, ఎవరిది మారలేదు" అని తీర్పు చెప్పడానికి రెడీ అయిపోయావు, నాకు అక్కడే బ్రేక్ పడింది. ముందు ఎవరు దేన్ని కాపాడుకున్నామంటున్నారో చెప్పాలి కదా.

ముస్లింలకి ఖురాన్ అంటే జిబ్రీల్ అనే దేవదూత ద్వారా ప్రవక్తకి అరబీలో దిగిన అల్లా మాటలే. అందుకే అక్షరం కూడా ముఖ్యం, ఖురాన్ 15:9లో (15వ అధ్యాయం, 9వ వాక్యం) దీన్ని మేమే కాపాడతాం అని ఉంది, పైగా కాగితం కన్నా ముందు కంఠస్థం చేసినవాళ్ల నోట్లో బతికింది. క్రైస్తవుల్లో ఎక్కువమంది దేవుడి ప్రేరణతో మనుషులు ఎవరి శైలిలో వాళ్లు రాశారు అంటారు, నాలుగు సువార్తలు ఉండటం వాళ్లకి ఇబ్బందే కాదు, అనువాదం చదివినా అది లేఖనమే. ఒకరి కొలబద్దతో ఇంకొకరిది కొలిస్తే ఎప్పుడూ కురచే వస్తుంది.

బైబిల్లో "వేల తేడాలు" అని రాశావు, సరే, కానీ కొత్త నిబంధనకి గ్రీకు రాతప్రతులే 5,000 పైన ఉన్నాయి, ప్రతులు పెరిగితే పాఠాంతరాలూ, అంటే ప్రతికీ ప్రతికీ మధ్య తేడాలూ, పెరుగుతాయి, వాటిలో ఎక్కువ భాగం స్పెల్లింగు, పదాల వరస లాంటివే. అలాగని పెద్దవి దాచకు. మార్కు 16:9-20 నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేదు. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీ కథ యోహాను సువార్త పాత ప్రతుల్లో లేదు. ఇవి ఎవరో బయటివాళ్లు పట్టుకున్న దొంగతనాలేం కావు, క్రైస్తవ పండితులే ఫుట్‌నోట్లో వేస్తున్నారు. 1947 నుంచి మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన వాటిలో, బైబిల్లోని యెషయా గ్రంథం రాసిన చుట్ట అంతకుముందున్న హీబ్రూ ప్రతుల కన్నా దాదాపు వెయ్యేళ్లు పాతది, చిన్న తేడాలు చాలానే ఉన్నా పుస్తకం మాత్రం అదే. ఇది నువ్వు అసలు ఎత్తనేలేదు.

ఇక ఖురాన్ వైపు. మూడో ఖలీఫా ఉస్మాన్ ఒక ప్రామాణిక ప్రతి రాయించి మిగతావి కాల్పించాడన్నది రహస్యం బయటపెట్టినట్టు రాశావేంటి, ముస్లింలే ప్రామాణికంగా చూసే బుఖారీ హదీసు సంకలనంలోనే ఉంది అది! ముస్లింలు దాన్నే కాపాడిన పని అంటారు. యెమెన్‌లో సనా మసీదులో 1972లో దొరికిన వాటిలో ఒక తోలు ప్రతి ఉంది, పాత రాత చెరిపి పైన మళ్లీ రాసింది, ఆ కింది రాతలో కొన్ని పదాలూ సూరాల (అధ్యాయాల) వరసా వేరు. ఖురాన్ చదివే పద్ధతుల్లో కొన్ని పదాల దగ్గర తేడా ఉన్న హఫ్స్, వర్ష్ పఠనాలు రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి, ముస్లింల దృష్టిలో రెండూ ప్రవక్త నుంచి వచ్చినవే. బర్మింగ్‌హామ్‌లో ఉన్న పాత ఖురాన్ తోలు ఆకులకి కార్బన్ టెస్టులో 568-645 అని వచ్చింది, కానీ అది తోలు వయసు, సిరా వయసు కాదు, ఈ లైను తప్పకుండా సరిచెయ్.

తహ్రీఫ్, అంటే పాత గ్రంథాల్ని మార్చేశారన్న ఆరోపణ, గురించి "ముస్లింలందరూ బైబిల్ మార్చేశారంటారు" అన్నావే, అది కూడా కుదరదు. పదకొండో శతాబ్దంలో ఇబ్న్ హజ్మ్ అనే ముస్లిం పండితుడు బైబిల్ పాఠమే చెడిపోయిందని గట్టిగా వాదించాడు, పాఠం కాదు, అర్థాన్నే వంకర చేశారు అన్న పండితులూ ఉన్నారు. ఖురాన్ 5:47లో ఇంజీల్ (సువార్త) వాళ్లు అందులో ఉన్నదాని ప్రకారం తీర్పు చెయ్యాలి అని ఉంది, మరి అప్పటికి అది బాగానే ఉన్నట్టేగా అని క్రైస్తవులు అడుగుతారు. అక్కడ చెప్పింది ఈసాకి (యేసుకి) ఇచ్చిన అసలు ఇంజీల్ గురించి అని కొందరు ముస్లింలు, మిగిలి ఉన్న సత్యం గురించి అని ఇంకొందరు జవాబిస్తారు. ప్రశ్న ఒక్కటే రాసి జవాబు వదిలేస్తే అది వ్యాసం కాదు, లాయరు నోటీసు.

డిబేట్ వీడియోల్లోంచి తెచ్చిన కోట్స్ అన్నీ తీసెయ్. ఆ 5:47 దగ్గరే మొదలుపెట్టి మళ్లీ రాయి, అయ్యాక చదివే వాళ్లలో ఒక హాఫిజ్‌కీ (ఖురాన్ అంతా కంఠస్థం చేసినవాడికీ) ఒక పాస్టరుకీ ఇచ్చి, మా మాట మేం చెప్పినట్టే ఉందా అని అడిగి అప్పుడు నాకు పంపు.